జరీ ఎర

వెంకటగిరిలో ఎవరికీ పనికిరాని ముక్కలు
తూపిలిపాలెం ఏకాంబరం కొంటాడు.
మగ్గం దించాక మిగిలే జానెడు జరీ,
రంగు తేలిపోయిన కుచ్చులు,
కిలో లెక్కన కాదు, గుప్పెడు లెక్కన.
"ఏం చేస్తావబ్బా వీటితో?" అంటే
"చేపకు చీర పెడతా" అంటాడు.

ఈ ఏడు మే నెలలో నా గుంట మగ్గం ఖాళీ.
పెళ్లిళ్లు అయిపోయాయన్నాడు షావుకారు.
నాయుడుపేటలో దిగి, వాకాడులో బస్సు మారి
ఉప్పుగాలి చొక్కాలో దూరిందాకా పోయాను.

ఇంజను పడవలకు సర్కారు సెలవులు.
బోర్లించి తాటాకు కప్పిన వాటి నీడన కుక్కలు.
తెప్పకు ఏ ఆర్డరూ లేదు.
నాలుగు దుంగలు, గోనె అంత తెరచాప,
ఒక తెడ్డు, ఈత రాని నేను.

తెల్లారేసరికి ఒడ్డు ఒక పోగు.
నీళ్లలో చెయ్యి పెట్టాను,
నూలు ముంచే ముందు రంగు కాగులో ఉండే వేడి.
"పైన కాక, కింద చలువ.
పెద్దది ఆ రెంటి నడుమ ఉంటది" అన్నాడు.

ముందు ముక్కుతో వెతికాడు.
కవళ్ల మంద కింద తిరుగుతుంటే
నీటి మీద నూనె తేలుతుందట,
కోసిన దోసకాయ వాసనట.
నాకు బీడీ వాసన తప్ప ఏమీ రాలేదు.
తర్వాత పిట్టలు.
"ఎగిరేవి కాదబ్బా, దూకేవాటిని చూడు."
తర్వాత, పన్నెండు బారల లోతున,
పచ్చ నీళ్లూ నీలి నీళ్లూ
కుట్టు లేకుండా కలిసిన చోటు.
"అంచు వదలమాక" అన్నాడు.
ఆ మాట మా నాయన అనేవాడు,
నా వీపు మీద అచ్చుపలకతో.

గాలం కట్టింది అతని కూతురు పోలేరి.
సీసం గుండు, సైకిలు ట్యూబు ముక్క,
దాని చుట్టూ నా జరీ.
ముడి చూశాను. మా ముడి కాదు,
లాగేకొద్దీ బిగిసేది.

దారం నా చేతికిచ్చాడు.
పడుగులో ఒక పోగు సడలితే
చీకట్లో చెప్పే వేలు నాది.
గంటసేపు ఆ వేలికి సముద్రం ఏమీ చెప్పలేదు.
ఎండ నెత్తిన కూర్చుంది.
కునుకు పట్టబోయింది

"వదులు! వదలరా నాయనా!"

నలభై ఏళ్లలో దారం వదలమని
నాతో ఎవరూ అనలేదు.
బిగబట్టాను.
నీళ్లు చీల్చుకుని నిలువునా లేచింది
నెమలి కోనాం.
వీపు మీది రెక్క విప్పింది,
చుక్కలు చుక్కలుగా,
జకార్డు అట్టలకు అందని నీలం.
ఒక్కసారి తల విదిలించింది.
అంతే. చేతిలో దారం,
ఎవరిదో చీర అంచు దాని దవడలో.

ఏకాంబరం తిట్టలేదు. అది ఇంకా కష్టం.
ఇంకో గాలం కట్టాడు, ఇంకో గుప్పెడు జరీతో.

మధ్యాహ్నానికి వంజరం పడింది, మూడు కిలోలు.
ఈసారి వదిలాను, లాగాను, వదిలాను,
నాడె ఇటూ అటూ పోయినట్టు.
దుంగల మీద కొట్టుకుంటున్నంతసేపూ
దాని వీపున ఆకుపచ్చ, ఊదా, ఇంకేదో.
పేరు వెతుక్కునేలోపు సీసం రంగు.
సగం నాకు కోసిచ్చాడు, కాగితంలో చుట్టి.
బస్సులో పక్కనామె ముక్కు మూసుకుని లేచిపోయింది.

ఇంటికొచ్చిన మర్నాడే ఆర్డరు,
గద్వాలెవరిదో ఆరు చీరలు.
కూర్చుంటే చూపుడువేలి గాటుకు
పట్టు పోగు తగులుకుంటుంది.
ప్రతి వరసకూ ఒకసారి.
కొబ్బరినూనె రాయమంది మా ఆవిడ.
తగిలిన ప్రతిసారీ ఆగి చూస్తాను,
అవతల ఏదైనా లాగుతోందేమోనని.

నాలుగో రోజు రాశాను.